లోపెజ్ మళ్లీ బరిలోకి: అసలు గొడవ లోవెల్‌ది

2022 ఫిబ్రవరిలో ఓటర్లు ఇంటికి పంపిన మనిషి పేరు అదే ఏడాది నవంబర్ 8న మళ్లీ బ్యాలెట్‌లో కనిపించింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రభుత్వ బడులను నడిపే స్కూల్ బోర్డుకు మాజీ అధ్యక్షురాలైన గాబ్రియేలా లోపెజ్ ఆగస్టులో నామినేషన్ వేశారు. రీకాల్‌లో, అంటే గడువు తీరకముందే ఓటర్లు తొలగించే ఎన్నికలో, పదవి పోయినవాళ్లు మళ్లీ నిలబడకూడదని రూలేమీ లేదు.

లోపెజ్ ఉన్నప్పుడు బోర్డు, లింకన్ పేరున్న బడి సహా 44 బడుల పేర్లు మార్చాలని తీర్మానం చేసింది. బోర్డే దాన్ని 2021 ఏప్రిల్‌లో వెనక్కి తీసుకుంది. కోవిడ్‌తో బడులు మూతపడి ఉంటే పేర్ల గోలేమిటని తల్లిదండ్రులకు మండింది నిజమే. కానీ ఊరిని కదిలించింది లోవెల్ హైస్కూల్ అని నా లెక్క.

లోవెల్ 1856 నాటి ప్రభుత్వ బడి. ఫీజు లేదు, కానీ సీటు కావాలంటే మార్కులు, టెస్టు స్కోరు ఉండాలి. నవోదయ, గురుకులం సీట్ల కోసం మన ఇళ్లలో నడిచే టెన్షన్ చూసినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. పిల్లల్లో దాదాపు సగం ఆసియా కుటుంబాలవాళ్లే. నల్లజాతి పిల్లలు నూటికి ఇద్దరు.

కోవిడ్‌తో మార్కులూ పరీక్షలూ లేకపోవడంతో 2020 అక్టోబర్‌లో, ఒక్క ఏడాదికే అని చెప్పి, లాటరీ పెట్టారు. 2021 జనవరిలో అక్కడి ఆన్‌లైన్ పాఠంలో నల్లజాతివారిని దూషించే రాతలు బయటపడ్డాయి. ఆ వెంటనే ఫిబ్రవరి 9న బోర్డు 5-2 ఓట్లతో లాటరీని శాశ్వతం చేసేసింది. జాతివివక్ష అనే జబ్బు ఉన్నమాట వాస్తవం. అయితే ఇంత పెద్ద మార్పును ఎజెండాలో సరిగా చెప్పకుండా, నాలుగు రోజులైనా చర్చించకుండా కానిచ్చేశారు. బహిరంగ సమావేశాల చట్టాన్ని పాటించలేదంటూ ఆ నవంబర్‌లో జడ్జి దాన్ని కొట్టేశారు.

చైనా మూలాలున్న కుటుంబాలకు ఇది కొత్త గాయం కాదు. 1983 నాటి కోర్టు ఒప్పందం ప్రకారం ఏ బడిలోనైనా ఒక్కో జాతి పిల్లల వాటాకు పరిమితి ఉండేది. దాంతో లోవెల్‌లో సీటుకు చైనా పిల్లలు మిగతావాళ్ల కంటే ఎక్కువ స్కోరు తెచ్చుకోవాల్సి వచ్చేది. 1994లో తల్లిదండ్రులు కేసు వేశారు, 1999లో రాజీ కుదిరింది. ఈ పాత కథ తెలియని సభ్యులే ఫిబ్రవరి 9న చేతులెత్తారా అనిపిస్తుంది. మరుసటి నెలలోనే బోర్డు ఉపాధ్యక్షురాలు అలిసన్ కాలిన్స్ 2016లో ఆసియా అమెరికన్లను కించపరుస్తూ పెట్టిన ట్వీట్లు పైకొచ్చాయి. ఆమె ఉపాధ్యక్ష పదవి ఊడింది. దానిపై ఆమె 8.7 కోట్ల డాలర్లకు దావా వేస్తే కోర్టు కొట్టేసింది.

ఇద్దరు తల్లిదండ్రులు మొదలుపెట్టిన రీకాల్ 2022 ఫిబ్రవరి 15న ఓటింగుకు వచ్చింది. లోపెజ్ పోవాలన్నవాళ్లు నూటికి 70 మందికి పైనే. బడిపిల్లలున్న తల్లిదండ్రులైతే పౌరసత్వం లేకున్నా ఈ బోర్డు ఎన్నికల్లో ఓటేయొచ్చని 2016లోనే నగరం ఒప్పుకుంది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండేది ఫ్రీమాంట్, శాన్‌హోసే వైపు కాబట్టి మనలో చాలామందికి ఇది తగలదు. నగరంలో ఉండే హెచ్-1బీ కుటుంబాలకు మాత్రం తగులుతుంది. 2022 జులైలో ఒక జడ్జి ఆ హక్కు చెల్లదన్నారు, 2023 ఆగస్టులో అప్పీలు కోర్టు చెల్లుతుందని తేల్చింది.

లోపెజ్ వాదన వేరు. జాతి న్యాయం కోసం నిలబడినందుకే తనకు ఈ శిక్ష అన్నారు. రీకాల్‌కు డబ్బున్న పెట్టుబడిదారులు విరాళాలిచ్చిన మాటా నిజమే.

రీకాల్‌తో ఖాళీ అయిన మూడు సీట్లలో అప్పటి మేయర్ లండన్ బ్రీడ్ నియమించిన ముగ్గురిలో ఒకరైన ఆన్ షూ, నల్లజాతి, లాటినో పిల్లల చదువు వెనకబాటుకు కుటుంబాల మద్దతు లేకపోవడాన్ని కారణంగా రాసి, 2022 జులైలో క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. బోర్డు ఆమెను మందలించింది. లోపెజ్ నామినేషన్ పడింది ఆ తర్వాతే.

లోవెల్‌లో మళ్లీ మార్కులే చూడాలని బోర్డు 2022 జూన్‌లో తేల్చింది. అప్పుడు ఓట్లు 4-3. ఆ నవంబర్‌లో ఎన్నిక జరిగింది మూడు సీట్లకు.