ప్రొవాన్స్ పల్లెల్లో సెలవులు: అపోహలు - వాస్తవాలు

దక్షిణ ఫ్రాన్స్ వెళ్ళే తెలుగు కుటుంబాలకు ట్రిప్ ప్లాన్ చేసి ఇవ్వడం నా పని. ఫోన్ చేసిన వాళ్ళు మొదట అడిగేది లావెండర్ గురించే కాబట్టి, అక్కడే మొదలుపెడతాను.

అపోహ: ఎండాకాలంలో ఎప్పుడు వెళ్ళినా లావెండర్ చేలు ఊదారంగులో ఉంటాయి.

వాస్తవం: వలెన్సోల్ పీఠభూమిలో మంచి పూత ఉండేది జూన్ మూడో వారం నుంచి జూలై మధ్య వరకే. తర్వాత కోత యంత్రాలు దిగుతాయి. పొద్దున నిండుగా కనిపించిన చేను సాయంత్రానికి మోళ్ళుగా మిగిలిపోవచ్చు. ఒకసారి లండన్ నుంచి ఒక కుటుంబం ఆగస్టు మొదటి వారానికి టికెట్లు కొనేశాక నాకు ఫోన్ చేసింది. వాళ్ళను వలెన్సోల్ వెళ్ళొద్దని చెప్పి, 'సో' అనే ఊరి వైపు పంపాను. అది బాగా ఎత్తులో ఉంటుంది, అక్కడ పూత ఆలస్యం. ఇంకా కోయని చేలు వాళ్ళకు దొరికాయి.

ఇంకో మాట. వలెన్సోల్ ఫొటోల్లో మీరు చూసే వరుసల్లో చాలావరకు లావాండిన్ అనే సంకర రకం. వంగి ఒక కాడను దగ్గరగా చూడండి. ఒకటే కంకి ఉంటే అసలు లావెండర్, పక్కలకు ఇంకో రెండు చిన్న కంకులు చీలి ఉంటే లావాండిన్. చూడండి గానీ తెంపకండి. మన మిరపచేలో ఎవరో దిగి కాయలు తెంపుకుంటూ ఫొటోలు తీసుకుంటే మనకెలా ఉంటుంది? అదీ రైతు పంటే.

అపోహ: పల్లెటూళ్ళలో చూడటానికేం ఉండదు, రోజుకో ఊరు మారాలి.

వాస్తవం: నేనైతే ఒకే ఊళ్ళో అయిదు రోజులు ఉండమంటాను. లుబెరాన్ ప్రాంతంలో సంతలకు వారాలున్నాయి: లూర్మారాన్‌లో శుక్రవారం, ఆప్ట్‌లో శనివారం, లీల్-సుర్-లా-సోర్గ్‌లో ఆదివారం. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా బల్లలు సర్దేస్తారు, అందుకని తొమ్మిదికే వెళ్ళండి.

అపోహ: శాకాహారులకు తిండి దొరకదు.

వాస్తవం: నీస్‌లో 'సోకా' అడగండి. శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి కొలిమిలాంటి పొయ్యిలో కాల్చిన అట్టు అది. అంచులు కరకరలాడుతూ ఉంటాయి, పైన మిరియాల పొడి చల్లుకుని వేడివేడిగా తినాలి. మార్సెయ్ వైపు అదే శనగపిండిని ఉడికించి, ముక్కలు కోసి వేయిస్తారు. దాని పేరు పానిస్. పాన్ బాన్యా మాత్రం చూడటానికి కూరగాయల శాండ్‌విచ్‌లా ఉన్నా లోపల చేప ఉంటుంది, జాగ్రత్త.

అపోహ: కమార్గ్ అంటే గుర్రపు స్వారీ మాత్రమే.

వాస్తవం: రోన్ నది డెల్టా అది, వరి పండుతుంది! గోదావరి జిల్లాల వాళ్ళను అక్కడికి తప్పకుండా పంపుతాను. నాట్లు వేయరు, నీళ్ళు పెట్టిన మడిలో నేరుగా విత్తనం చల్లుతారు. మన పులికాట్‌లో చలికాలం కనిపించే పెద్ద ఫ్లెమింగోల జాతే అక్కడా ఉంటుంది. పాంట్ ద గో పక్షుల పార్కులో వాటిని చాలా దగ్గరగా చూడొచ్చు. సాయంత్రం దోమలు విపరీతం, నిండు చేతుల చొక్కా వేసుకోండి.

అపోహ: కలాంక్‌ల (మార్సెయ్ దగ్గర రాతి కొండల మధ్యకు సముద్రం చొచ్చుకొచ్చిన ఇరుకు పాయలు) కాలిబాటలకు ఎప్పుడైనా వెళ్ళొచ్చు.

వాస్తవం: జూన్ నుంచి సెప్టెంబరు దాకా కార్చిచ్చు భయంతో కొన్ని రోజులు దారులు మూసేస్తారు. ఏ రోజు తెరుస్తారో ముందురోజు సాయంత్రం తెలుస్తుంది. సుజిటాన్ కలాంక్‌కు వేసవి రద్దీ రోజుల్లో ముందే బుకింగ్ ఉండాలి. డబ్బులేం కట్టక్కర్లేదు.