‘తిరుగు’ అనే మాట: అపోహలు, వాస్తవాలు

అనువాదం నా వృత్తి. రోజూ ఎదురయ్యే క్రియల్లో ‘తిరుగు’ ఒకటి. చిన్న మాటే కదా అని చూసీ చూడనట్టు వదిలేస్తే తప్పులు దొర్లుతాయి.

అపోహ: తిరగడమంటే గుండ్రంగా తిరగడమే.

వాస్తవం: ఫ్యాను గుండ్రంగానే తిరుగుతుంది. “ఎండలో తిరక్కు” అన్నప్పుడు మాత్రం గుండ్రం ఏమీ లేదు. “కుడివైపు తిరుగు” అంటే ఒక్క మలుపు. “ఏడాది తిరిగేసరికి” అంటే కాలం గడవడం. చెయ్యి తిరిగిన రచయిత ఆరితేరినవాడు, నోరు తిరగని పేరు పలకడానికి కష్టమైనది. ఎదురు నిలబడితే తిరుగుబాటు, ఎదురే లేకపోతే తిరుగులేదు.

అపోహ: “కళ్ళు తిరుగుతున్నాయి” అంటే ఎవరికైనా ఒకటే అర్థం.

వాస్తవం: ఒకసారి ఒక రోగి చెప్పిన లక్షణాలు అనువదిస్తూ ఈ మాటకు వెంటనే ‘వర్టిగో’ (చుట్టూ ఉన్నవి తిరుగుతున్నట్టు అనిపించడం) అని రాసేశాను. తర్వాత అడిగితే ఆమెకు గది తిరిగినట్టేమీ అనిపించలేదట. మంచం మీంచి లేవగానే కళ్ళ ముందు చీకట్లు కమ్మాయట. గది తిరిగినట్టుంటే చాలాసార్లు కారణం లోపలి చెవిలో ఉంటుంది. లేవగానే చీకట్లు కమ్మితే బీపీ ఒక్కసారిగా తగ్గి ఉండొచ్చు. మనం రెండింటికీ ఒకే మాట వాడేస్తాం. అప్పటినుంచి “చుట్టూ ఉన్నవి తిరుగుతున్నాయా, కళ్ళకు చీకటి వస్తోందా?” అని అడగనిదే ఆ వాక్యం ముట్టుకోను.

అపోహ: సైన్సుకు ‘తిరుగు’ చాలదు, భ్రమణం (తన చుట్టూ తాను తిరగడం), పరిభ్రమణం (మరొకదాని చుట్టూ తిరగడం) అనే రాయాలి.

వాస్తవం: “భూమి తన చుట్టూ తాను తిరగడానికి దాదాపు 24 గంటలు, సూర్యుడి చుట్టూ తిరగడానికి దాదాపు 365 రోజులు పడుతుంది.” ఇందులో తికమక ఎక్కడుంది? దేని చుట్టూ తిరుగుతోందో చెప్పేశాం. పారిభాషిక పదాలు వద్దనను, కానీ ముందు ఈ వాక్యం చెప్పి తర్వాత వాటిని పరిచయం చేస్తే పిల్లలకు ఏది ఏదో గుర్తుంటుంది. అన్నట్టు భ్రమణానికీ భ్రమకూ ధాతువు ఒక్కటే, ఆ ధాతువుకూ ఊరికే తిరగడం అనే అర్థం ఉంది.

అపోహ: ‘తిరిగి’ అంటే ‘మళ్ళీ’.

వాస్తవం: “పని తిరిగి మొదలైంది” అన్నప్పుడు అవును. “పుస్తకం తిరిగి ఇచ్చాడు” అంటే వెనక్కి ఇచ్చాడు. “ఊరంతా తిరిగి వచ్చాడు” అంటే తిరగడం అయ్యాక వచ్చాడు. “తిరిగి రాశాడు” అని ఉంటే మళ్ళీ రాశాడో, జవాబు రాశాడో ముందు వాక్యం చూస్తే గానీ తేలదు. అలాంటిచోట నేను ‘తిరిగి’ తీసేసి ‘మళ్ళీ’ అనో ‘జవాబు’ అనో పెట్టేస్తాను.