తుమ్మలపల్లె: గొడవంతా ఆ చెరువు అడుగునే

కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అడవిలో యురేనియం మాట ఎప్పుడు లేచినా చుట్టుపక్కల ఊళ్లు తలుచుకునేది కడప జిల్లా తుమ్మలపల్లెనే. 2024 చివర్లో జనం రోడ్డెక్కినప్పుడూ అంతే.

తుమ్మలపల్లె గని ఎలా వచ్చిందో జిల్లాలో అందరికీ తెలుసు. 2007లో శంకుస్థాపన జరిగింది. పరిహారం మీద, ఉద్యోగాల మీద గొడవలు చాలానే నడిచాయి. నా లెక్కలో రైతుకు నమ్మకం తెగింది అక్కడ కాదు, టెయిలింగ్ పాండ్ దగ్గర, అంటే యురేనియం తీశాక మిగిలిన వ్యర్థ బురద నింపే చెరువు దగ్గర.

ఇక్కడ యురేనియం ఒక రకం సున్నపురాయిలో ఉంటుంది. జార్ఖండ్‌లోని జాదుగూడలో లాగా యాసిడ్ వాడితే, ఆ యాసిడ్‌ను రాయే తాగేస్తుంది. అందుకే సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ కలిపిన నీళ్లలో, వేడి మీద, ఒత్తిడితో కరిగిస్తారు. వెయ్యి కిలోల రాయిలో కిలో యురేనియం కూడా ఉండదు. అంటే తవ్వింది దాదాపు మొత్తం ఉప్పు బురదై పైపుల్లో ఆ చెరువుకే చేరుతుంది.

నీరు ఇంకకుండా చెరువు అడుగున బెంటోనైట్ బంకమట్టి పొర వేయాలన్నది కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన షరతు. కె.కె.కొట్టాల, మబ్బుచింతలపల్లె రైతులు బోరు నీళ్లు చెడిపోయాయని మొత్తుకున్నాక, ఆ పొర సంగతేమిటని మండలే నోటీసులిచ్చింది. పారిన మడిలో నీళ్లు ఆరితే తెల్లటి పొర మిగులుతోందని, అరటి చెట్లు ఎదగకుండానే ఎండిపోతున్నాయని రైతులు చూపించారు. అరటి అంటే పులివెందుల, వేంపల్లె రైతుకు పిల్లల ఫీజులు, బ్యాంకు బాకీ, అన్నీ.

చెరువు నుంచి నీరు దిగడం లేదని, ఈ నేలలోనే యురేనియం ఉంది కాబట్టి నీళ్లలోనూ కనబడుతుందని గనిని నడిపే కేంద్ర ప్రభుత్వ సంస్థ యూసీఐఎల్ వాదన. అదే నిజమైతే గని రాకముందు ఏ బోరులో ఎంత ఉందో, ఇప్పుడెంత ఉందో ఊరూరా గోడ మీద రాసి పెట్టాలి. ఉప్పు సంగతి అప్పటికీ మిగిలే ఉంటుంది.

2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలను సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టమంటుంది. బడి గదులు, మంచినీళ్ల ప్లాంట్లు ఆ పద్దులో రాసుకోవచ్చు. చెరువు అడుగున వేసే మట్టి ఆ పద్దులోది కాదు. రూపాయి లాభం రాకముందే వేయాల్సింది అది.

కప్పట్రాళ్లలో అనుకున్నది గని కూడా కాదు, 68 అన్వేషణ బోర్లు. వాటికే ఊళ్లు అడ్డం పడ్డాయి.