చింటూ తమ్ముడు ఎందుకయ్యాడు, సాత్విక్ బావ ఎందుకయ్యాడు?

తెనాలి

చిరంజీవులు కార్తీక్, సాత్విక్, చింటూలకు ఆశీస్సులు.

ఒరే కార్తీక్, గృహప్రవేశం రోజు నువ్వు వంటల దగ్గరికొచ్చి అడిగిన ప్రశ్నకు నేను పులిహోర తాలింపు మాడిపోతోందని వంక పెట్టి తప్పించుకున్నాను. నిజానికి ఏమీ మాడలేదు. జవాబు తట్టలేదు, అంతే. "చింటూ నాకు తమ్ముడట, సాత్విక్ బావట. ఇద్దరూ కజిన్సేగా అమ్మమ్మా, ఈ తేడా ఎవరు పెట్టారు?" అన్నావు. సాత్విక్ పడీపడీ నవ్వాడు. నవ్వినవాడికీ జవాబు తెలియదు, అది గమనించాను. బడిలో నలభై ఏళ్లు సోషల్ చెప్పాను, ఒక్క పిల్లవాడూ ఈ ప్రశ్న అడగలేదు. ఎందుకడుగుతారు? వరసలు మనకు గాలి లాంటివి.

ఇలాంటి ప్రశ్నలు అడగడానికే ఒక చదువుంది. పేరు మానవశాస్త్రం, ఇంగ్లీషులో ఆంత్రోపాలజీ. ఎముకలు, పుర్రెలు చూసి మనిషి పుట్టుక గురించి ఆరా తీసేవాళ్లు అందులో ఒక రకం. సినిమాల్లో కనిపించేది వాళ్లే. నాకు నచ్చేది ఇంకో రకం. వాళ్లు ఒక ఊరికి వెళ్లి, అక్కడి మాట నేర్చుకుని, ఏడాదో రెండేళ్లో ఉండి, ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారు, ఎవరి పక్కన కూర్చుని తింటారు, చస్తే ఎవరు ఏడుస్తారు అని రాసుకుంటారు.

నీ ప్రశ్నకు జవాబు వెతకబోతే అది తిరిగి తిరిగి నీ ఊళ్లోనే తేలింది కార్తీక్. సుమారు నూట డెబ్బై ఏళ్ల కిందట అమెరికాలోని మీ రాచెస్టర్‌లో లూయిస్ హెన్రీ మోర్గన్ అనే ప్లీడరు ఉండేవాడు. 1844లో ఆయనకు మీ న్యూయార్క్ రాష్ట్ర రాజధాని ఆల్బనీలో ఒక పుస్తకాల దుకాణంలో ఈలీ పార్కర్ అనే కుర్రాడు తారసపడ్డాడు. అమెరికా ఆదివాసుల్లో సెనెకా తెగవాడు, సాత్విక్ కంటే రెండు మూడేళ్లు పెద్ద, అంతే. తమ భూముల గొడవ మీద ప్రభుత్వంతో మాట్లాడటానికొచ్చిన తెగ పెద్దలకు దుబాసీగా వచ్చాడు. మోర్గన్‌కు సెనెకాల ఇంటి సంగతులు తెలిశాయంటే చాలావరకు ఆ కుర్రాడి చలవే. పుస్తకాల్లో మోర్గన్ పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది గానీ, నా దృష్టిలో మొదటి గురువు పార్కరే.

సెనెకాలు నాన్న అన్నదమ్ములను కూడా 'నాన్న' అనే అంటారు, అమ్మ అక్కచెల్లెళ్లను 'అమ్మ' అంటారు. కానీ అమ్మ తమ్ముడికి మాత్రం వేరే మాట. మోర్గన్‌కు ఇది వింతగా తోచింది. 1858లో సుపీరియర్ సరస్సు ఒడ్డున ఓజిబ్వే అనే ఇంకో తెగవాళ్లను అడిగితే, భాష వేరైనా పద్ధతి అదే! ఇక ఆగలేదు. 200కు పైగా ప్రశ్నలతో ఒక పట్టిక అచ్చువేయించి, స్మిత్‌సోనియన్ అనే అమెరికా పరిశోధన సంస్థ సాయంతో దేశదేశాల మిషనరీలకూ రాయబారులకూ పంపాడు. "మీ దగ్గర నాన్న అక్కను ఏమంటారు? ఆమె కొడుకును ఏమంటారు?" అన్నీ ఇలాంటివే. వచ్చిన జవాబుల్లో తమిళం ఉంది, తెలుగూ ఉంది. 1871లో అచ్చయిన ఆయన లావుపాటి పుస్తకంలో మన వరసలు వరుసగా కూర్చున్నాయి.

ఇప్పుడు మన మాటలు కాస్త విప్పి చూడండి. పెదనాన్న, చిన్నాన్న: అందులో 'నాన్న' ఉంది. పెద్దమ్మ, చిన్నమ్మ (అదే పిన్ని): అందులో 'అమ్మ' ఉంది. నాన్నల పిల్లలూ అమ్మల పిల్లలూ తోబుట్టువులు కాక ఇంకేమవుతారు? చింటూ వాళ్ల అమ్మా, మీ అమ్మా అక్కచెల్లెళ్లు. అందుకే చింటూ నీకు తమ్ముడు. సాత్విక్ వాళ్ల నాన్న మీ అమ్మకు తమ్ముడు, అంటే నీకు మేనమామ. ఆ మాటలో నాన్నా లేడు, అమ్మా లేదు. మేనమామ కొడుకు బావ. ఇంకో తమాషా, పెళ్లయ్యాక భార్య తండ్రినీ మామ అంటాం, తల్లినీ అత్త అంటాం. మేనరికాలు మామూలుగా జరిగిన రోజుల్లో ఇద్దరు మామలూ ఒకడే అయ్యేవాడు మరి. దగ్గరి రక్తసంబంధాలు వద్దని డాక్టర్లు చెబుతున్నారు, మన ఇళ్లలోనూ తగ్గాయి. మాటలు మాత్రం పాత అలవాటును మోస్తూనే ఉన్నాయి.

మోర్గన్ ఇక్కడే ఒక పొరపాటు చేశాడు. సెనెకా, తమిళ, తెలుగు వరసలు ఒకేలా ఉన్నాయి కాబట్టి అమెరికా తెగలవాళ్లు ఆసియా నుంచే ఆ పద్ధతి తెచ్చుకున్నారు, ఇదే సాక్ష్యం అన్నాడు. వాళ్ల పూర్వీకులు ఆసియా నుంచి వచ్చిన మాట నిజమే గానీ, వరసలు దానికి సాక్ష్యం కావు. పైగా దగ్గరికెళ్లి చూస్తే రెండూ ఒకటి కావు. మీ నాన్నకు బావ వరసయ్యే మేనమామ కొడుకు మనకైతే నీకు మామయ్య. సెనెకాలకు ఆయనా నాన్నే! ఈ తేడాను ఫ్లాయిడ్ లౌన్స్‌బరీ అనే పండితుడు 1964లో విడమరిచి చూపించాడు. అమెజాన్ అడవుల్లోని యానోమామి వాళ్ల వరసలు మాత్రం మన తరహావే. పండితులు వాటిని 'ద్రావిడ పద్ధతి' అంటారు. పాపం వాళ్లకు ద్రవిడులెవరో తెలియదు!

మోర్గన్ మీద నాకు ఇంకో కోపం ఉంది. 1877లో రాసిన పుస్తకంలో మనుషులను అనాగరికులు, అర్ధనాగరికులు, నాగరికులు అని మెట్లు కట్టాడు. పై మెట్టు మీద ఎవరున్నారో చెప్పక్కర్లేదు. తర్వాత ఫ్రాంజ్ బోయాస్ లాంటి మానవశాస్త్రవేత్తలు ఆ మెట్లను కూల్చేశారు. అయినా ఆయన్ను తలుచుకుంటే జాలి కూడా. 1862లో ఊరూరా జనాల వరసలు రాసుకుంటూ మిస్సోరీ నది మీద తిరుగుతుండగానే ఇంటి దగ్గర ఇద్దరు ఆడపిల్లలు విషజ్వరంతో పోయారు.

సరే, ఇప్పుడు మీకో పని. మన వీధి చివర టైలర్ మస్తాన్‌ను నేను చిన్నప్పటి నుంచి తమ్ముడూ అనే పిలుస్తాను. కార్తీక్, చింటూల అమ్మలకూ, సాత్విక్ వాళ్ల నాన్నకూ మామయ్య. మీ ముగ్గురికీ తాతయ్య. కులం, మతం, రక్తం ఏదీ కలవదు, కానీ వరస ఎక్కడా తప్పలేదు చూశారా? అయితే మూడో ఇంటి వెంకాయమ్మ నాకు అక్క వరస, మస్తాన్‌కు మాత్రం అత్త అట! అదెలా కుదిరిందో నాకు అంతు చిక్కలేదు. కార్తీక్, నువ్వు ఫోన్లో ఉండు. సాత్విక్, చింటూ, మీరిద్దరూ నోటుబుక్కు పట్టుకుని వెళ్లండి. మగవాళ్లకు త్రిభుజం, ఆడవాళ్లకు సున్నా, పెళ్లికి రెండు అడ్డగీతలు పెట్టి పటం గీయండి. రాసుకోవచ్చా అని ముందే అడగండి. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం వెళ్లొద్దు, నమాజుకు పోతాడు.

ఇట్లు,
ఇద్దరికి అమ్మమ్మ, ఒకడికి నానమ్మ