రట్లండ్ జనాభా లెక్కల్లో మగవారి వృత్తులు: తరగతుల వెనక కథ

ఇంగ్లండ్ పాత కౌంటీల్లో అన్నిటికన్నా చిన్నది రట్లండ్. ఓకమ్, అప్పింగమ్ అనే రెండు చిన్న పట్టణాలు, కెటన్ దగ్గర రాతి గనులు, మిగతాదంతా పొలాలూ గొర్రెల మేతా. ఇక్కడి మగవారి వృత్తుల పట్టికలు వరసగా చూస్తే ఒక పదేళ్లలో వ్యవసాయ కూలీలు తగ్గిపోతారు, ఇంకో పదేళ్లలో పై తరగతి కుంచించుకుపోతుంది. అందులో చాలా భాగం లెక్క రాసే పద్ధతి తెచ్చిన మార్పే.

1801 లెక్కలో మూడే గడులు: వ్యవసాయం, వ్యాపారమూ చేతిపనులూ, ఇతరులు. భార్యాపిల్లలను ఏ గడిలో వేయాలో ఒక్కో పారిష్ (ఒక చర్చి కింది ఊరు) ఒక్కోలా అర్థం చేసుకుంది. అందుకని ఆ అంకెలు పోలికకు పనికిరావు. 1831తో మొదలుపెట్టడం మేలు. ఆ ఏడు 20 ఏళ్లు నిండిన మగవారిని విడిగా తీసి, కూలీలను పెట్టుకున్న రైతులను ఒక గడిలో, సొంత చేతులతో సాగు చేసుకునేవారిని మరో గడిలో వేశారు. ఊళ్లోని అంతస్తులు అక్కడ సూటిగా కనిపిస్తాయి.

1881కి వచ్చేసరికి చూసుకు నడవాలి. అంతకుముందు పని మానేసిన ముసలివారిని పాత వృత్తిలోనే లెక్కించేవారు, ఈసారి వృత్తిలేనివారిలో కలిపారు. ఫారంలో ఉత్త ‘కూలీ’ అని ఉంటే, అతను రోజూ పొలానికి వెళ్లేవాడైనా, సాధారణ కూలీల పద్దులో పడ్డాడు. రట్లండ్ లాంటి చోట ఈ రెండు పద్దులూ కలిపి చూస్తేనే వ్యవసాయ కూలీల సంఖ్య నిజానికి దగ్గరగా వస్తుంది.

అసలు పట్టికకే అందని మనుషులూ ఉన్నారు. కౌంటీ సరిహద్దులో 82 కమానుల వెలండ్ రైలు వంతెనను 1876–78లో కట్టారు. దానికోసం వచ్చిన మట్టిపని కూలీలు 1871 లెక్కకు ఇంకా రాలేదు, 1881 నాటికి వెళ్లిపోయారు.

‘సామాజిక తరగతి’ అన్నది 1911 లెక్కలతో వచ్చింది. శిశుమరణాలనూ కాన్పుల సంఖ్యనూ పోల్చడానికి జనన మరణాలనూ జనాభా లెక్కలనూ చూసే రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయంలో గణాంక నిపుణుడు టి.హెచ్.సి. స్టీవెన్సన్ ఎనిమిది తరగతులు చేశారు. వాటిలో జౌళి కార్మికులకు, గని కార్మికులకు, వ్యవసాయ కూలీలకు ఒక్కో తరగతి వేరుగా ఉండేది. 1921లో ఆ మూడూ తీసేసి, పైనున్న మొదటి తరగతి నుంచి అడుగునున్న ఐదో తరగతి దాకా ఐదే ఉంచారు. తరగతిని ఇచ్చింది వృత్తి పేరును బట్టి, ఆస్తిని బట్టి కాదు. అందువల్ల 20 ఎకరాల రైతూ 500 ఎకరాల రైతూ ఒకే రెండో తరగతి. పల్లె ప్రాంతానికి ఇది పెద్ద లోపమే.

1931లో గుమాస్తాలను రెండో తరగతి నుంచి మూడో తరగతికి దించారు. చిన్న జిల్లాలో ఇది గట్టిగా తగులుతుంది. పనిచేసే మగవారు 400 మంది, వారిలో గుమాస్తాలు 20 మంది అనుకుంటే, ఎవరి ఉద్యోగమూ మారకుండానే మొత్తంలో రెండో తరగతి వాటా 5 శాతం పాయింట్లు తగ్గుతుంది. దీనికితోడు 1921 పట్టికలు 12 ఏళ్లు దాటినవారివి, 1931వి 14 ఏళ్లు దాటినవారివి. శాతాలు పక్కపక్కన పెట్టేముందు ఈ వయసు హద్దు సరిచూసుకోవాలి.

1931 ఇంటి ఫారాలు 1942 డిసెంబరులో లండన్ దగ్గరి హేస్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయాయి, 1941లో లెక్కలే జరగలేదు. కాబట్టి ఫారాలు చదివి 1931 గుమాస్తాలను వెనక్కి తెచ్చి పాత తరగతిలో వేసే దారి లేదు. 2022 జనవరిలో అందరికీ తెరిచిన 1921 ఫారాలతో మాత్రం ఒక్కొక్కరి వృత్తీ చదివి, గుమాస్తాలను చేత్తో మూడో తరగతికి మార్చి, అచ్చయిన 1931 అంకెల పక్కన పెట్టుకోవచ్చు.