హెడ్డాఫీసు నుంచి వెళ్ళదు, బ్రాంచి నుంచి వస్తుంది: లింక్‌డ్ సర్వర్ల తగువు ఎక్కడ మొదలైంది

బ్రాంచీలున్న రైస్ మిల్లయినా, పలాస జీడి వ్యాపారమైనా, బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో చిన్న కంపెనీ అయినా లెక్కలు ఒకచోట చూసుకోవడానికి సులువైన దారి ఒకటుంది. బ్రాంచికో ఎస్‌క్యూఎల్ సర్వర్ (మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్) పెట్టి, హెడ్డాఫీసు సర్వరు నుంచి వాటిని లింక్‌డ్ సర్వర్లుగా, అంటే ఒక సర్వరు నుంచే మరోదానిలోని లెక్కలు అడిగి తీసుకునేలా, కలుపుకోవడం. ఆ లింకులు ఇప్పుడు మళ్ళీ తెగుతున్నాయి.

దీనికి తక్షణ కారణాలు రెండు. ఉచితంగా దొరికే ఎక్స్‌ప్రెస్ ఎడిషన్‌లో ఒక్కో డేటాబేస్‌కు ఉన్న 10 జీబీ పరిమితి 2025 వెర్షన్‌తో 50 జీబీ అయింది. పాత స్టాకు లెక్కలు తీసేసుకుంటూ 10 జీబీలో సర్దుకుంటున్న వారికి అది పెద్ద ఊరట. రెండోది, 2016 వెర్షన్‌కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2026 జూలై 14 వరకే. దాంతో హెడ్డాఫీసులో కొత్త వెర్షన్ ఎక్కుతుంది, బ్రాంచీల్లో పాతదే ఉండిపోతుంది. మర్నాడే తగువు. సాఫ్ట్‌వేర్ పెట్టినవారు లైను (నెట్‌వర్క్) బాగోలేదంటారు. లైను చూసేవారు పింగ్ వస్తోంది కదా అంటారు. మధ్యలో నెలాఖరు లెక్కలు ఆగిపోతాయి.

తేల్చడానికి ఒక ప్రశ్న చాలు. రాజాం బ్రాంచి సర్వరులో శ్రీకాకుళం హెడ్డాఫీసు వైపు వేసిన లింకు ఉంటే, అది పనిచేస్తోందా? చాలాచోట్ల పనిచేస్తూనే ఉంటుంది. అటు నుంచి వస్తుంది, ఇటు నుంచి వెళ్ళదు. దీంతోపాటు హెడ్డాఫీసు యంత్రంలో పవర్‌షెల్ తెరిచి టెస్ట్-నెట్‌కనెక్షన్ ఆదేశంతో బ్రాంచి పోర్టును, అంటే అక్కడి సర్వరు పిలుపులు వినే నంబరున్న ద్వారాన్ని, పరీక్షించాలి. టీసీపీ టెస్ట్ సక్సీడెడ్ దగ్గర ట్రూ అని వస్తే దారి తెరిచే ఉన్నట్టు. పింగ్‌ను మాత్రం ఆధారంగా తీసుకోకూడదు. అది యంత్రం బతికుందని చెబుతుంది తప్ప పోర్టు గురించి ఏమీ చెప్పదు. దారి తెరిచి ఉండి, ఒకవైపు నుంచే లింకు తెగిందంటే తేడా ఉన్నది పిలిచే సర్వరులో. లింకు తెరిచేటప్పుడు ఏ డ్రైవరు వాడాలో, ఏ షరతులు పెట్టాలో నిర్ణయించేది పిలిచే సర్వరే.

1998లో 7.0 వెర్షన్‌తో లింక్‌డ్ సర్వర్లు వచ్చిన కథ ఈ పనిలో ఉన్నవారందరికీ తెలుసు. నేటి తగువుకు మూలం అక్కడ లేదు, 2022లో ఉంది. ఆ ఏడాది ఓఎల్ఈ డీబీ డ్రైవరు (ఒక సర్వరు మరోదానితో మాట్లాడటానికి వాడే భాగం) 19వ వెర్షన్ వచ్చింది. అంతకుముందు 18 దాకా ఎన్‌క్రిప్ట్ అనే అమరిక ఏమీ రాయకపోతే నో అని అర్థం. 19లో ఏమీ రాయకపోతే మాండేటరీ అని అర్థం. అంటే కనెక్షన్ మొత్తం ఎన్‌క్రిప్ట్ కావాలి (దారిలో ఇతరులు చదవలేని సంకేతాలుగా మారాలి), అవతలి సర్వరు చూపించే సర్టిఫికెట్‌ను, అంటే దాని గుర్తింపు పత్రాన్ని, నమ్మదగిన సంస్థ ఇచ్చి ఉండాలి, దానిమీది పేరు మనం పిలిచిన పేరుతో సరిపోవాలి. ఆ మార్పు మూడేళ్ళపాటు మన మిల్లుల దాకా రాలేదు, ఎందుకంటే 2022 వెర్షన్ సర్వరు కూడా లింకులకు 18వ డ్రైవరునే వాడింది. 2025 నవంబరులో వచ్చిన కొత్త వెర్షన్ 19కి మారింది. నిన్నటిదాకా నడిచిన లింకు ఎవరూ ముట్టుకోకుండానే ఆగిపోవడానికి కారణం ఇదే.

అసలు బ్రాంచి సర్వరు దగ్గర సర్టిఫికెట్ ఉందా? ఉంది, కానీ పనికిరానిది. 2005 వెర్షన్ నుంచి ఎస్‌క్యూఎల్ సర్వర్ తనకు వేరే సర్టిఫికెట్ ఇవ్వకపోతే సర్వీసు మొదలయ్యేటప్పుడు తానే ఒకటి తయారుచేసుకుంటుంది. ఎర్రర్ లాగ్‌లో సెల్ఫ్-జెనరేటెడ్ సర్టిఫికెట్ లోడ్ అయిందని ఒక వరుస కనబడుతుంది. లాగిన్ పాస్‌వర్డు బట్టబయలుగా వెళ్ళకుండా ఉండటానికే అది. దాన్ని ఎవరూ పరిశీలించేవారు కాదు కనుక ఇన్నేళ్ళూ గడిచిపోయింది. సర్వీసు మళ్ళీ మొదలైనప్పుడల్లా అది మారిపోతుంది కాబట్టి దాన్ని ఎగుమతి చేసి నమ్మకస్తుల జాబితాలో పెట్టుకుందామన్నా కుదరదు.

ఎర్రర్‌ను పూర్తిగా చదవకపోవడం వల్లనే సగం గొడవ. తెర మీద 7399, 7303 నంబర్లు చూసి కనెక్షన్ పోయిందని ఫోను చేస్తారు. ఆ రెండూ పైతొడుగులు మాత్రమే. వాటితోపాటు వచ్చే వరుసల్లో ఎస్ఎస్ఎల్ ప్రొవైడర్ అన్న మాట, -2146893019 అన్న సంఖ్య ఉంటే సర్టిఫికెట్‌ను నమ్మలేదని అర్థం. 10060 ఉంటే జవాబే రాలేదు, ఫైర్‌వాల్ మింగేసిందని అనుమానించవచ్చు. 10061 ఉంటే యంత్రం దాకా వెళ్ళింది, ఆ పోర్టులో వినేవారు లేరు. ఎక్స్‌ప్రెస్‌లో టీసీపీ/ఐపీ మొదట్లో ఆపేసి ఉంటుందని మరిచిపోయినచోట ఇదే వస్తుంది. 11001 ఉంటే ఆ పేరుగల యంత్రమే దొరకలేదు. ఈ నంబర్లలో లైను చూసేవారిని పిలవాల్సింది 10060కే.

ఇక పేరు సంగతి. మన వైపు లింకులు చాలావాటిలో డేటా సోర్స్ (అవతలి సర్వరు ఏదో రాసే గడి) దగ్గర సర్వరు పేరు ఉండదు, ఐపీ అడ్రసు, కామా, పోర్టు నంబరు ఉంటాయి. ఈ అలవాటు 2003 జనవరి 25 నాటి దెబ్బతో బలపడింది. ఆ రోజు స్లామర్ అనే 376 బైట్ల పురుగు యూడీపీ 1434 పోర్టు మీదుగా పది నిమిషాల్లో ప్రపంచమంతా పాకింది. దాన్ని ఆపే ప్యాచ్ 2002 జూలైలోనే వచ్చినా వేసుకోనివారు వేలల్లో ఉన్నారు. తర్వాత నెట్‌వర్క్ చూసేవారు 1434ను మూసేశారు. నేమ్డ్ ఇన్‌స్టెన్స్ (యంత్రంలో సొంత పేరుతో నడిచే ఎస్‌క్యూఎల్ సర్వర్) ఏ పోర్టులో ఉందో చెప్పే బ్రౌజర్ సర్వీసు మాట్లాడేది ఆ పోర్టులోనే. అందుకే పోర్టును స్థిరంగా పెట్టి, నేరుగా అంకెలు రాసేయడం మొదలైంది. కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో ఐపీ ఆల్ కింద డైనమిక్ పోర్టు గడిని ఖాళీచేసి టీసీపీ పోర్టులో 1433 లేదా 14330 లాంటిది రాయడం అప్పుడూ సరైన పనే, ఇప్పుడూ సరైన పనే. పేరు వదిలేయడమే ఇప్పుడు అడ్డొస్తోంది. ఐపీతో పిలిస్తే సర్టిఫికెట్ మీద ఉన్న పేరుతో సరిపోదు. డొమైన్ ఉన్న కంపెనీల్లో మరో నష్టం కూడా ఉంది: ఐపీతో పిలిస్తే మామూలుగా కెర్బరోస్ (డొమైన్‌లో మనిషి గుర్తింపును సర్వరు నుంచి సర్వరుకు అందించే పద్ధతి) రాదు, పాత పద్ధతి ఎన్‌టీఎల్ఎమ్‌కు జారిపోతుంది, హెడ్డాఫీసు నుంచి బ్రాంచికి వేసే రెండో అడుగులో అనానిమస్ లాగాన్ పేరుతో 18456 (లాగిన్ విఫలం) వస్తుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు కేబులు వదిలి మొబైల్ డేటా మీద వీపీఎన్ (ఇంటర్నెట్‌లో సొంత రహస్య దారి) వేసుకున్న బ్రాంచీల్లో అడ్రసు మారింది, లింకులో కొత్త అంకెలు రాశారు, పని నడిచింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి రాజాం విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్ళినప్పుడు జిల్లా గుర్తుతో పెట్టిన యంత్రాల పేర్లు మార్చినచోట ఇంకో చిక్కు మిగిలింది. విండోస్‌లో పేరు మారినా ఎస్‌క్యూఎల్ సర్వర్ తన లోపల పాత పేరే చెబుతుంది. సర్వర్‌నేమ్ అడిగి చూస్తే తెలుస్తుంది. ఎస్‌పీ_డ్రాప్‌సర్వర్‌తో పాతది తీసి, ఎస్‌పీ_యాడ్‌సర్వర్‌తో లోకల్ అని కొత్తది చేర్చి, సర్వీసు మళ్ళీ మొదలెట్టాలి. సర్టిఫికెట్ చేయించేముందే ఈ పని ముగించుకోవాలి.

సరైన మరమ్మతు బ్రాంచి వైపు మొదలవుతుంది. పవర్‌షెల్‌లో న్యూ-సెల్ఫ్‌సైన్డ్‌సర్టిఫికెట్ ఆదేశంతో, డీఎన్ఎస్ నేమ్ దగ్గర యంత్రం పేరు, కీ స్పెక్ దగ్గర కీ ఎక్స్‌ఛేంజ్ అని ఇచ్చి, లోకల్ మెషీన్ స్టోర్‌లో సర్టిఫికెట్ తయారుచేయాలి. దాని ప్రైవేట్ కీ మీద ఎస్‌క్యూఎల్ సర్వీసు ఖాతాకు రీడ్ అనుమతి ఇవ్వాలి. ఇది మరిస్తే సర్వీసు లేవదు, లాగ్‌లో 26014 కనబడుతుంది. కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో ప్రొటోకాల్స్ ప్రాపర్టీస్, సర్టిఫికెట్ ట్యాబ్‌లో దాన్ని ఎంచుకుని సర్వీసు మళ్ళీ మొదలెట్టాలి. ప్రైవేట్ కీ లేకుండా సర్టిఫికెట్‌ను మాత్రమే ఎగుమతి చేసి, హెడ్డాఫీసు యంత్రంలో లోకల్ కంప్యూటర్ ట్రస్టెడ్ రూట్‌లో (నమ్మకస్తుల జాబితాలో) చేర్చాలి. డీఎన్ఎస్ లేని చోట హెడ్డాఫీసు యంత్రం హోస్ట్స్ ఫైలులో వీపీఎన్ అడ్రసు పక్కన బ్రాంచి పేరు రాస్తే చాలు. రేపు అడ్రసు మారినా ఆ ఒక్క వరుస మారుస్తే సరి.

తర్వాత లింకును తీసి మళ్ళీ వేయాలి. లింకు పేరు పాతదే ఉంచి, డేటా సోర్స్‌లో మాత్రం యంత్రం పేరు, కామా, పోర్టు రాస్తే స్టోర్డ్ ప్రొసీజర్లలో (సర్వరులో దాచిన ప్రోగ్రాముల్లో) ఏదీ మార్చనక్కర్లేదు. ప్రొడక్ట్ నేమ్ దగ్గర ఎస్‌క్యూఎల్ సర్వర్ అని రాస్తే ప్రొవైడరు, డేటా సోర్స్ ఇవ్వనివ్వదు; అక్కడ ఖాళీ వదలాలి. ఎస్‌పీ_టెస్ట్‌లింక్‌డ్‌సర్వర్‌తో పరీక్షించి, బ్రాంచిలో డీఎమ్_ఎగ్జెక్_కనెక్షన్స్ చూస్తే ఎన్‌క్రిప్ట్ ఆప్షన్ ట్రూ అని ఉండాలి.

పాత సర్వరు నుంచి లింకులను స్క్రిప్టుగా తీసి కొత్తదానిలో నడిపినవారు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ స్క్రిప్టులో రిమోట్ పాస్‌వర్డు స్థానంలో ఎనిమిది హ్యాష్ గుర్తులు వస్తాయి. అలాగే నడిపితే పాస్‌వర్డే ఎనిమిది హ్యాష్‌లు అవుతుంది. హెడ్డాఫీసు తెర మీద 18456 స్టేట్ 1 అని మాత్రమే కనబడుతుంది. అసలు కారణం బ్రాంచి ఎర్రర్ లాగ్‌లో ఉంటుంది, స్టేట్ 8 అంటే పాస్‌వర్డు తప్పు, స్టేట్ 5 అంటే ఆ పేరుతో లాగినే లేదు. స్క్రిప్టులో నేటివ్ క్లయింట్ అనే పాత డ్రైవరు పేరు ఉంటే 7403 వస్తుంది. 7411 వస్తే ఆర్‌పీసీ అవుట్ (అవతలి సర్వరులో ప్రొసీజర్లు నడిపే అమరిక) తెరవలేదు.

లైను మీద తప్పు మోపేవారి మాటలో నిజం లేకపోలేదు, 10060 కాకుండా ఇంకొక్క సందర్భంలో. మొబైల్ డేటా మీది వీపీఎన్‌లో పెద్ద ప్యాకెట్లు ఇరుక్కుంటే టీసీపీ కలుస్తుంది, సర్టిఫికెట్ ఇచ్చిపుచ్చుకునేచోట నిలిచిపోయి లాగిన్ టైమౌట్ అని తేలుతుంది. ముక్కలు చేయొద్దని చెప్పి 1472 బైట్లతో పింగ్ చేసి, రాకపోతే తగ్గించుకుంటూ చూస్తే ఎంత పడుతుందో తెలుస్తుంది. దానికి 28 కలిపి వీపీఎన్ ఎమ్‌టీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) పెట్టాలి.

ఇంత పని ఎందుకని ప్రొవైడర్ స్ట్రింగ్‌లో (లింకులో డ్రైవరుకు షరతులు రాసే గడిలో) ట్రస్ట్ సర్వర్ సర్టిఫికెట్ యెస్ అనో, ఎన్‌క్రిప్ట్ ఆప్షనల్ అనో రాసి వెళ్ళిపోయేవారున్నారు. ఐదు నిమిషాల్లో లింకు లేస్తుంది, యజమాని సంతోషిస్తాడు. మొదటిదానితో అవతల ఉన్నది రాజాం సర్వరేనా అన్నది ఎవరూ చూడరు. రెండోదానితో లాగిన్ తప్ప రైతుల ఖాతా నంబర్లు, జీతాలు అన్నీ వీపీఎన్ లేని చోట తెరిచిన కాగితంలా వెళతాయి. ఆ రాత్రి లెక్కలు ముగించడానికి మొదటిది పెట్టుకున్నా, వారంలోపు సర్టిఫికెట్ చేయించి ఆ మాట తీసేయించాలి. బిల్లు ఇచ్చేముందు ప్రొవైడర్ స్ట్రింగ్ చూపించమని అడిగే హక్కు యజమానికి ఉంది.

సర్టిఫికెట్ చేయించేవారు నాట్ ఆఫ్టర్ తేదీ, అంటే గడువు ముగిసే తేదీ, అడిగి రాసుకోవాలి. ఆ తేదీ ఇవ్వకపోతే పవర్‌షెల్ ఒక్క ఏడాదికే తయారుచేస్తుంది. వచ్చే ఏడాది అదే తేదీ దాటాక అన్ని బ్రాంచీల లింకులూ ఒకేసారి ఆగుతాయి, ఈసారి గడువు తీరిందని చెప్పే -2146893016 వస్తుంది, మళ్ళీ లైను చూసేవారికే ఫోను వెళుతుంది.