అపోహలు - వాస్తవాలు: జంట కట్టడం వేరు, జతకట్టడం వేరు

జంతువుల ప్రవర్తన గురించి పాఠాలు చెప్పడం నా పని. ఏటా జంతువులు తోడును ఎంచుకోవడం, జతకట్టడం గురించిన చాప్టర్ దగ్గరికి రాగానే క్లాసులో అవే మాటలు వినిపిస్తాయి, ఇంటికొచ్చిన చుట్టాలూ అవే అంటారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

అపోహ: పక్షులు జీవితమంతా ఒక్క తోడుతోనే ఉంటాయి.

పక్షి జాతుల్లో దాదాపు 90 శాతం జంటగా ఉండి పిల్లల్ని సాకుతాయన్నది నిజమే. కానీ 1980ల తర్వాత డీఎన్ఏ పరీక్షలతో చూస్తే, చాలా జాతుల గూళ్లలో కొన్ని పిల్లల తండ్రి ఆ గూటి మగపక్షి కాదని తేలింది. ఆస్ట్రేలియాలో సూపర్బ్ ఫెయిరీ రెన్ అనే చిన్న పిట్ట ఉంది, దాని పిల్లల్లో సగానికి పైగా ఇలాంటివే. తెల్లవారకముందే ఆడపిట్ట తానే ఎగిరి వెళ్లి ఇంకో మగపిట్టను కలిసి వస్తుంది. పిల్లల్ని సాకడానికి జంట కడుతుంది, జతకట్టేది మాత్రం ఆ ఒక్కదానితోనే కాదు.

అపోహ: ఎక్కువ మగవాటితో కలిస్తే ఆడదానికి ఒరిగేదేమీ లేదు.

దీనికి మూలం 1948లో బేట్‌మన్ అనే శాస్త్రవేత్త పండ్ల ఈగల మీద చేసిన ప్రయోగం. అప్పట్లో డీఎన్ఏ పరీక్షలు లేవు కాబట్టి కంటికి కనిపించే జన్యులోపాలున్న ఈగల్ని తీసుకుని, పిల్లల్లో ఆ గుర్తుల్ని బట్టి తల్లిదండ్రుల్ని లెక్కేశాడు. ప్యాట్రీషియా గోవాటీ అనే శాస్త్రవేత్త బృందం 2012లో అదే ప్రయోగం మళ్లీ చేస్తే, తల్లి లోపం, తండ్రి లోపం రెండూ వచ్చిన పిల్లలు ఎక్కువగా చనిపోతున్నాయని, అందువల్ల లెక్కే తప్పుతోందని బయటపడింది. అరవై ఏళ్లకు పైగా పాఠ్యపుస్తకాల్లో ఉన్న మాట ఇది!

నాకు బాగా నచ్చిన ఉదాహరణ మాత్రం మన కొండముచ్చులదే. 1970లలో సారా హర్డీ అనే పరిశోధకురాలు రాజస్థాన్‌లోని మౌంట్ ఆబూలో వాటిని ఏళ్ల తరబడి గమనించింది. బయటి మగది వచ్చి పాతదాన్ని తరిమేసి మందను చేజిక్కించుకుంటే, చాలాసార్లు పాలు తాగే పిల్లల్ని చంపేస్తుంది, ఎందుకంటే పిల్ల పోతే తల్లి త్వరగా ఎదకు వస్తుంది. మరి తల్లి ఊరుకుంటుందా? బయటి మగవాటితోనూ జతకడుతుంది, చూడితో ఉన్నప్పుడు కూడా. పుట్టిన పిల్ల తనదేమో అన్న అవకాశం ఉంటే మగది దాని జోలికి రాదని హర్డీ వాదన. తర్వాత నేపాల్‌లోని రాంనగర్‌లో డీఎన్ఏ చూస్తే, పిల్లల మీద దాడి చేసిన మగవి వాటి తండ్రులు కావని తేలింది. దీన్ని "చెడు నడత" అనేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. అక్కడ ఒక తల్లి తన పిల్లను కాపాడుకుంటోంది.

అపోహ: పాలిచ్చే జంతువుల్లో జంట కట్టడం మామూలే.

కాదు, అలాంటి జాతులు పదిశాతం లోపే.

అపోహ: మనుషుల్లో ప్రతి పదిమందిలో ఒకరికి తండ్రి వేరు.

ఈ మాట వల్ల ఎన్ని ఇళ్లలో అనవసరమైన టెన్షనో! యూరప్‌లో వంశవృక్షాల్ని, డీఎన్ఏని పోల్చి చూస్తే అది ఒక శాతం దరిదాపుల్లోనే ఉంది. అలాగని లోకమంతా ఒకటే లెక్క కాదు. నమీబియాలోని హింబా పశువుల కాపరుల్లో ఒక అధ్యయనం చూస్తే 48 శాతం పిల్లల తండ్రి భర్త కాదు, ఆ సంగతి చాలావరకు ఇంట్లో తెలిసే ఉంటుంది. నీలగిరుల్లోని తోడా తెగలో ఒకప్పుడు అన్నదమ్ములందరికీ ఒకే భార్య ఉండేది. ఆమె గర్భంతో ఉన్నప్పుడు ఎవరు విల్లు, బాణం చేతికిస్తే ఆ బిడ్డకు అతనే తండ్రి. ఇంకొకరు విల్లు ఇచ్చేదాకా ఆ తర్వాతి పిల్లలకూ అతనే.